దూడ నుదుటి మీద నీటి బుడగ: సూది పెట్టొద్దు, ముందు దూడను చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్నలో నాలుగైదు ప్రశ్నలు కలిసిపోయాయి కాబట్టి ముందు సంగతేంటో ఒకసారి చెప్పుకుందాం. పద్మనాభం దగ్గర మీ ఊళ్లో జెర్సీ క్రాస్ ఆవు నిన్న తెల్లవారుజామున ఈనింది. కోడెదూడ. నుదుటి మధ్యలో, కళ్లకు కాస్త పైన, పెద్ద నిమ్మకాయంత మెత్తని బుడగ ఉంది, దాని మీద చర్మం, వెంట్రుకలు మామూలుగానే ఉన్నాయి. దూడ లేచి నిలబడింది, పాలు తాగుతోంది. పక్కింటాయన లావుపాటి సూదితో గుచ్చి నీరు తీసేస్తే సరిపోతుందంటున్నాడు. మీ అన్నయ్య కోడెదూడకి ఇంత ఖర్చెందుకు వదిలెయ్ అంటున్నాడు. మీ అమ్మగారేమో దాన్ని సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాను, ఎలాగైనా బతికించండి అంటున్నారు. చూడితో ఉన్నప్పుడు గ్రహణం రోజు ఆవును ఆరుబయట కట్టేసినందుకే ఇలా అయిందని ఊరంతా అంటోంది. ఆపరేషన్ చేస్తే బతుకుతుందా, అసలు చేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

అన్నిటికంటే ముందు, ఇది చదివిన వెంటనే లేచి వెళ్లి ఆ సూది పట్టుకున్న పెద్దమనిషిని ఆపండి. అది చీము గడ్డ కాదు. ఆ బుడగలో ఉన్న నీరు చాలావరకు మెదడు చుట్టూ ఉండే నీరే అయ్యుంటుంది, దానికీ లోపల మెదడుకీ మధ్య అడ్డం ఏమీ లేదు. శాలలో నిలబడి, పేడ చేతులతో, పాత సూదితో గుచ్చితే బయటి మురికి నేరుగా మెదడు పొరల్లోకి పోతుంది, రెండు మూడు రోజుల్లో జ్వరం, మెడ బిగుసుకోవడం, కాళ్లు కొట్టుకోవడం, అంతే. పైగా నీరంతా ఒక్కసారిగా లాగేస్తే లోపల ఒత్తిడి ఠక్కున పడిపోయి దూడ అక్కడికక్కడే ఊపిరి ఆపేయొచ్చు. ఇంత చేసినా లాభం ఉందా అంటే అదీ లేదు, ఆ నీరు మెదడులో నిరంతరం తయారవుతూనే ఉంటుంది, మర్నాటికి బుడగ మళ్లీ నిండుతుంది. బుడగకి దారం గట్టిగా బిగించి కడితే ఎండి రాలిపోతుందని కూడా కొందరు చెబుతారు, పులిపిర్లకి చేసినట్టు. అదీ చేయకండి, లోపల మెదడు ముక్క ఉంటే దానికే ఉరి వేసినట్టు.

ఇది ఎందుకు వస్తుందంటే, పుర్రె అనేది ఒకే ఎముక కాదు, కొన్ని పలకలు కడుపులో ఉండగానే అటు నుంచీ ఇటు నుంచీ పెరిగి నడిమధ్యన కలుస్తాయి. ఎక్కడైనా కలవకపోతే అక్కడ కంత మిగులుతుంది, టైరు చిరిగిన చోట ట్యూబు పొంగుకొచ్చినట్టు ఆ కంతలోంచి మెదడు పొర చర్మం కిందికి తన్నుకొస్తుంది. పొర, నీరు మాత్రమే వస్తే దాన్ని మెనింజోసీల్ అంటాం. వాటితో పాటు మెదడు కూడా కొంత బయటికి వస్తే మెనింజోఎన్‌సెఫలోసీల్. పేర్లు గుర్తుండకపోయినా పర్లేదు గానీ తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి, మొదటిదానికి ఆపరేషన్ గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు, రెండోదానికి చాలాసార్లు మాట్లాడకపోవడమే మంచిది. మనుషుల పసిపిల్లలకి మాడు మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది కదా, దూడకి అలా ఉండటం మామూలు కాదు, అది పుట్టేసరికే పుర్రె మూసుకుని ఉండాలి.

మీరు పంపిన ఫొటో పై నుంచి తీసింది, అందులో నాకు బుడగ కనిపిస్తోంది గానీ దాని మొదలు కనిపించడం లేదు. కాబట్టి ఇది కచ్చితంగా అదే అని ఇక్కడ కూర్చుని నేను తేల్చను. తల మీద వాపుతో పుట్టే దూడలన్నీ ఇలాంటివి కావు. ఈత కష్టమై, తల చాలాసేపు దారిలో ఇరుక్కుని, తాళ్లు కట్టి లాగిన దూడలకి తలంతా ఉబ్బుతుంది, నాలుక కూడా వాస్తుంది. అది నీరు పట్టడం, బొటనవేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దెబ్బ తగిలి రక్తం గూడుకట్టినదైతే సాధారణంగా ఒక పక్కకి ఉంటుంది, నడినెత్తిన కచ్చితంగా మధ్యగీత మీద ఉండదు. చీము గడ్డ పుట్టిన రోజున ఉండదు, దానికి టైం పడుతుంది. ఇంకొకటి, బుడగలా కాకుండా నుదురు మొత్తం గుమ్మటంలా ఉబ్బి, కళ్లు కిందికి తిరిగినట్టు ఉంటే అది పుర్రె లోపలే నీరు చేరడం, హైడ్రోకెఫలస్, దాని కథ వేరు.

ఇప్పుడు మీరు చేయగలిగిన పరీక్షలు చెప్తాను. చేతులు సబ్బుతో కడుక్కోండి. దూడను ఒకరు రొమ్ము మీద కూర్చున్న భంగిమలో పట్టుకోవాలి. వేళ్ల కొసలతో బుడగ మొదలు చుట్టూ మెల్లగా తడమండి, చుట్టూ గట్టిగా ఉంగరంలా ఎముక అంచు తగులుతుందా, ఆ ఉంగరంలో ఒక వేలు పడుతుందా, రెండా, మూడా? ఇదొక్కటీ చెబితే నాకు సగం విషయం తెలిసిపోతుంది. కానీ బుడగను లోపలికి నెట్టే ప్రయత్నం చేయకండి, గట్టిగా నొక్కితే కొన్ని దూడలు ఫిట్స్‌లోకి పోతాయి. తర్వాత దూడ అరిచినప్పుడు, తల కిందికి వంచినప్పుడు బుడగ బిగుస్తుందేమో చూడండి, బిగుసుకుంటే లోపలికి దారి ఉన్నట్టే. చీకటి పడ్డాక బుడగ మీద వెంట్రుకలు పక్కకి తీసి ఒక పక్కనుంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి, ఎర్రగా వెలుగు నిండితే నీరు, మొదట్లో నల్లగా ముద్దలా నీడ పడితే అక్కడ కండ లాంటిదేదో ఉన్నట్టు. నల్ల చర్మం ఉన్న దూడలో ఈ లైటు పరీక్ష పనిచేయదు, మీది ఎరుపు కాబట్టి చేసి చూడొచ్చు.

అసలు విషయం ఇక్కడుంది. అందరూ బుడగనే చూస్తారు, ఎంత పెద్దది, ఎంత వికారంగా ఉంది అని. నేను దూడను చూడమంటాను. పెద్ద బుడగ ఉన్నా దూడ హుషారుగా తల్లి పొదుగు వెతుక్కుంటూ గంతులేస్తోందంటే దానికి అవకాశం ఉంది. బుడగ ఉసిరికాయంతే ఉన్నా దూడ తల గోడకు ఆనించి నెడుతూ, ఒకే పక్కకి గుండ్రంగా తిరుగుతూ, వేలు నోట్లో పెడితే చప్పరించకుండా, కళ్లు గిరగిరా ఆడిస్తూ ఉంటే లోపల మెదడే సరిగ్గా తయారవలేదు, బయట బుడగ కోసి కుట్టినా లోపలిది మారదు. మీ దూడ నిలబడింది, తాగుతోంది అన్నారు, అది నాకు మంచి మాటగా వినిపించింది. తల్లిని చూసి దాని వెంట నడుస్తుందా, నడకలో కాళ్లు ఎడంగా పెట్టి తూలుతుందా, పాలు తాగేటప్పుడు తల వణుకుతుందా అన్నవి కూడా రేపంతా గమనించండి.

దీంట్లో ఒక పొరపాటు చాలామంది చేస్తారు, కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు కూడా. కంటి ముందు చెయ్యి ఊపితే దూడ రెప్ప వేయడం లేదు, కాబట్టి గుడ్డిది, కాబట్టి మెదడు పోయింది అనేస్తారు. అప్పుడే పుట్టిన దూడ అలా రెప్ప వేయదండీ! ఆ భయం నేర్చుకోవడంతో వచ్చేది, దానికి కొన్ని రోజులు పడుతుంది. కంట్లో టార్చి లైటు వేస్తే నల్లగుడ్డు మధ్యలో ఉన్న కంటిపాప ముడుచుకుంటుందా లేదా అన్నది చూడాలి, అది మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇంకో పని, తలకి ఆపరేషన్ గురించి ఆలోచించే ముందు తోక ఎత్తి చూడండి. ఒక లోపంతో పుట్టిన దూడలో ఇంకో లోపం కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఆసన ద్వారం ఉందా, మొదటి నల్లటి జిగురు పేడ వేసిందా? నోరు తెరిచి పై అంగిట్లో చీలిక ఉందేమో వేలు పెట్టి తడమండి, పాలు తాగినప్పుడు ముక్కులోంచి కారితే చీలిక ఉన్నట్టే అనుకోండి. వెన్నెముక వెంట చెయ్యి రాస్తూ పోతే ఎక్కడైనా గుంట గానీ వెంట్రుకల సుడి కింద మెత్తదనం గానీ తగులుతుందా? బొడ్డు దగ్గర హెర్నియా, అంటే లోపలి పేగు పొంగుకొచ్చిన వాపు ఏమైనా ఉందా? నుదురు చక్కగా కుట్టించుకుని ఇంటికి తెచ్చాక మూడో రోజు కడుపు ఉబ్బి చచ్చిపోయిన దూడలు ఉన్నాయి, తోక కింద ఎవరూ చూడలేదు కాబట్టి.

ఇవాళ్టికి చేయాల్సిన పని ఆపరేషన్ కాదు, ముర్రుపాలు. నిన్న తెల్లవారుజామున ఈనిందన్నారు కాబట్టి ఇప్పటికి ఒక రోజు దాటిపోతోంది, దూడ పేగు ముర్రుపాలలోని రోగనిరోధక శక్తిని పీల్చుకునేది దాదాపు మొదటి 24 గంటలే, అందులోనూ మొదటి కొద్ది గంటల్లో పీల్చుకున్నదే ఎక్కువ. 25 కిలోల దూడకి మొదటి రోజు రెండున్నర లీటర్లు పడాలి. మీరు ‘తాగుతోంది’ అన్నారు, ఎంత తాగిందో చెప్పలేదు. పొదుగు దగ్గర తల ఆడించడం తాగడం కాదు. ఇంకా ముర్రుపాలు వస్తున్నాయి కాబట్టి సీసాతోనో పీకతోనో పట్టండి, తల పొదుగు ఎత్తులోనే ఉంచండి, ఆకాశానికి ఎత్తి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జున్ను వండుకోవడం తర్వాత సంగతి. బొడ్డుకి టించర్ అయోడిన్ రాయండి. బొడ్డులోంచి పాకే ఇన్ఫెక్షన్ మామూలు దూడకే మెదడువాపు తెప్పిస్తుంది, ఇక ఈ దూడకి చెప్పాలా?

దూడను తాడుతో కట్టకండి. కట్టేస్తే గుంజుకుంటుంది, గుంజకి రాసుకుంటుంది, పలచబడిన చర్మం చిట్లుతుంది. నాలుగు తడికలు అడ్డం పెట్టి ఎండుగడ్డి పరిచి విడిగా వదలండి. తల్లి నాకుతూ ఉంటుంది, ఆవు నాలుక గరుకు, అదే చోట పదేపదే నాకితే చర్మం లేచిపోతుంది, అందుకని పాలు తాగే వేళ తప్ప విడిగా ఉంచండి. బుడగ మీద పసుపు, వేపనూనె, బూడిద, సున్నం ఏమీ వద్దు. ఒకవేళ చిట్లి నీళ్లలాంటిది కారడం మొదలైతే మాత్రం ఆగకండి, శుభ్రమైన గాజుగుడ్డ సెలైన్‌తో తడిపి కప్పి, వదులుగా కట్టు కట్టి, అదే పూట ఆసుపత్రికి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, వాళ్లు ఇలాంటి ఆపరేషన్ మీ ఇంటి దగ్గర చేయరు, చేయకూడదు కూడా, కానీ యాంటీబయాటిక్, నొప్పి మందు మొదలుపెట్టి పైకి పంపగలరు.

పైకి అంటే ఎక్కడికి? మీ మండల పశువైద్యుడికి ముందు చూపించండి, ఆయనే రాసి పంపితే పని తేలికవుతుంది. విశాఖ సిటీలోకి తెచ్చినా పర్లేదు, కానీ మీరున్నది పద్మనాభం వైపు కాబట్టి విజయనగరం మీదుగా గరివిడి పశువైద్య కళాశాల కూడా మీకు అందుబాటులోనే ఉంది. ఇంకా పెద్ద కేసు అనుకుంటే గన్నవరం, తిరుపతి కళాశాలలు ఉన్నాయి గానీ రెండు రోజుల దూడను ఆటోలో, వ్యాన్‌లో అంత దూరం కుదిపి తీసుకెళ్లడం నాకు ఇష్టం ఉండదు. ఎక్కడికైనా సరే ముందు ఫోన్ చేసి సర్జరీ డాక్టరు ఆ రోజు ఉన్నారా, ఎక్స్‌రే పనిచేస్తోందా అని కనుక్కుని బయలుదేరండి. చల్లపూట వెళ్లండి, మన విశాఖ ఉక్కపోత మీకు తెలియంది కాదు. దూడను ఒళ్లో పెట్టుకుని తల కాస్త ఎత్తులో ఉంచి, కింద గోనె మడతలు వేసి తీసుకెళ్లాలి, బండి అడుగున తల టపాటపా కొట్టుకునేలా కాదు.

అక్కడ ఎక్స్‌రేలో కంత ఎంతుందో తెలుస్తుంది. అంతకంటే ఉపయోగపడేది అల్ట్రాసౌండ్. మామూలుగా ఎముక అడ్డం ఉండటం వల్ల పుర్రె లోపలికి అల్ట్రాసౌండ్ చూడలేదు, ఇక్కడ కంతే కిటికీ అవుతుంది, బుడగ మీద ప్రోబ్ పెడితే నీరు నల్లగా, మెదడు బూడిదరంగుగా కనిపిస్తాయి. చూడి పరీక్షకి వాడే మిషన్‌తోనే చాలావరకు చెప్పేయొచ్చు. సీటీ స్కాన్ చేస్తే అన్నీ స్పష్టంగా తెలుస్తాయి గానీ రైతు దూడకి అది మాటలకే. కొన్నిసార్లు డాక్టరుగారే చర్మం శుభ్రం చేసి, పక్కవాటుగా, సన్నని సూదితో కొద్దిగా నీరు తీసి చూస్తారు, మంచినీళ్లలా తేటగా ఉంటే మెదడు నీరే. పక్కింటాయన చేయబోయిందీ ఇదే కదా అనకండి, సూది ఒక్కటే, చెయ్యి వేరు.

ఇక ఎప్పుడు చేయించాలి, ఎప్పుడు వద్దు. నా లెక్క ఇలా ఉంటుంది. దూడ హుషారుగా ఉండి, కంత ఒకటి రెండు వేళ్లు పట్టేంతే ఉండి, లోపల నీరు మాత్రమే ఉంటే చేయించండి, బతికి మామూలుగా పెరిగిన దూడలు ఉన్నాయి. మెదడు కూడా కొంచెం బయటికి వచ్చి, దూడ మాత్రం బాగానే ఉంటే అది మధ్యరకం, సర్జన్‌తో కూర్చుని మాట్లాడాలి, టేబుల్ మీదే పోవచ్చని ముందే ఒప్పుకుని చేయించాలి. దూడే బాగాలేకపోతే, లేదా నుదురు కూడా గుమ్మటంలా ఉబ్బి ఉంటే, ఆపరేషన్ అనే మాట ఎత్తొద్దు. చర్మం గట్టిగా ఉంటే తొందరపడక్కర్లేదు, ఒకటి రెండు వారాలు పాలు తాగి బలం పుంజుకుంటే మత్తు తట్టుకుంటుంది. మరీ నెలలు ఆగితే మాత్రం దూడలు తలలతో కుమ్ముకునే వయసు వస్తుంది, అప్పుడు పగిలితే మన చేతిలో ఉండదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలిస్తే మీకు టెన్షన్ తగ్గుతుందని కాస్త వివరంగా చెప్తున్నాను. పెద్ద ఆవుకి నుదుటి చర్మం కింద ఎముక, దాని వెనక గాలి గదులు, ఆ తర్వాత మెదడు. పుట్టిన దూడకి ఆ గాలి గదులు ఇంకా తయారవవు, పలచని ఎముక వెనకే మెదడు, అందుకే ఇక్కడ చెయ్యి చాలా తేలిగ్గా ఉండాలి. మత్తుకి సాధారణంగా జైలజీన్, కెటమిన్ వాడతారు. ఆవు జాతికి జైలజీన్ చాలా కొంచెం చాలు, గుర్రానికి ఇచ్చే మోతాదులో సుమారు పదో వంతు, ఈ సంగతి మర్చిపోయిన చోట దూడలు కత్తి పెట్టకముందే పోతాయి. చుట్టూ తిమ్మిరికి లిగ్నోకైన్ వేస్తారు, చిన్న ప్రాణి కాబట్టి అదీ కొలిచే వేయాలి, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. తల కాస్త ఎత్తులో పెట్టి, బుడగ చుట్టూ ఆకు ఆకారంలో చర్మం కోస్తారు, కుట్టడానికి సరిపడా చర్మం మిగుల్చుకుని. తర్వాత చర్మం నుంచి పొర సంచిని వేరు చేసుకుంటూ కంత అంచు దాకా దిగుతారు. నీటిని మెల్లగా, చాలా మెల్లగా తీస్తారు. లోపల మెదడు లేదని కంటితో చూసుకున్నాక సంచి మెడ దగ్గర కరిగిపోయే దారంతో గుచ్చి ముడేసి, పైభాగం కోసేసి, మొదలు లోపలికి దించేస్తారు. కంత చిన్నదైతే చుట్టూ ఉన్న గట్టి పొరను లాగి దాని మీదుగా కప్పి కుడతారు. పెద్దదైతే హెర్నియాకి వాడే పాలీప్రొపిలిన్ మెష్, అంటే సన్నని ప్లాస్టిక్ వల వేస్తారు. పెరిగే వయసు కాబట్టి చిన్న కంతలు తర్వాత్తర్వాత ఎముకతో కొంత పూడుకుంటాయి. చర్మం కింద ఖాళీ మిగలకుండా కుట్టడం చాలా ముఖ్యం, ఖాళీ ఉంటే అక్కడ మళ్లీ నీరు దిగుతుంది. మొత్తం చూస్తే పెద్ద యంత్రాలు కావాల్సిన ఆపరేషన్ కాదిది, శుభ్రత, ఓపిక కావాల్సింది. చదివే కుర్ర డాక్టర్లకి ఒక మాట, చిన్న దూడను పెద్ద పశువులా గంటలకొద్దీ పస్తు పెట్టకండి, షుగర్ పడిపోతుంది, టేబుల్ మీద ఒళ్లు చల్లబడకుండా వెచ్చగా ఉంచండి.

ఇంటికి తెచ్చాక మొదటి రెండు రోజులే గండం. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వేయించండి, దూడ లేచి తిరుగుతోంది కదా అని మూడో రోజుకే మానేస్తారు చాలామంది, మెదడు పొరల దాకా వెళ్లిన గాయం ఇది, కాలి పుండు కాదు. నొప్పికి మెలోక్సికామ్ లాంటిది ఇస్తారు. రోజూ రెండుసార్లు థర్మామీటర్ పెట్టి చూడండి, 103 డిగ్రీలు దాటి అలాగే ఉన్నా, దూడ పాలు మానేసినా, మెడ వెనక్కి విరిచినా, కుట్ల మధ్యలోంచి నీళ్లలా తేటగా చుక్కలు కారుతున్నా వెంటనే ఫోన్ చేయాలి. ఈగలు పెద్ద శత్రువు, ఒక్కరోజు వదిలేస్తే గాయంలో పురుగులు పడతాయి, కాబట్టి కట్టు పొడిగా ఉండాలి, దూడ ఉన్న చోట పేడ ఎప్పటికప్పుడు ఎత్తాలి, దోమతెర కట్టగలిగితే ఇంకా మంచిది. ఈగల మందు కుట్ల మీద నేరుగా కొట్టకండి. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. తర్వాత కొన్ని వారాల పాటు నుదురు కొలుస్తూ ఉండండి, కుట్టిన చోటే మళ్లీ ఉబ్బవచ్చు, లేదా బయటికి దారి మూసుకుపోయాక నీరు లోపలే చేరి నుదురంతా ఉబ్బుతూ దూడ మందంగా తయారవొచ్చు. మనుషుల్లో అయితే దానికి గొట్టం వేస్తారు, దూడకి అది అయ్యే పని కాదు. ఇంకో చిన్న విషయం, కొమ్ము మొలకలు కాల్చే వయసు వచ్చినప్పుడు ఈ దూడకి డాక్టరును అడగకుండా కాల్పించకండి.

చేయించకూడని కేసు అని తేలితే ఏం చేయాలి? లేవలేక, తాగలేక, ఫిట్స్‌తో కొట్టుకునే దూడకి రోజూ గొట్టంతో పాలు పోసి వారం పాటు సాగదీయడం దయ కాదని నా అభిప్రాయం, దీనితో ఒప్పుకోని వాళ్లు ఉంటారు, తెలుసు. కోలుకోలేని స్థితిలో బాధపడే జంతువుకి నొప్పి లేకుండా ముగింపు ఇవ్వడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే గుర్తించింది, కానీ అది పశువైద్యుడు చూసి, నిర్ణయించి, ఆయన చేతుల మీదుగా జరగాలి. దూడ చనిపోతే కాలవ గట్టున పారేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. కాలేజీ వాళ్లు పరీక్షకి అడిగితే ఇవ్వండి, మీకు పోయేదేం లేదు.

మీ అన్నయ్య మాట తప్పని నేననను. క్రాస్ కోడెదూడకి సంతలో ఏం వస్తుందో ఆయనకి తెలుసు, ఆపరేషన్ ఫీజు పెద్దగా లేకపోయినా మందులకీ, బండికీ, నాలుగుసార్లు తిరగడానికీ, పోయిన కూలి రోజులకీ లెక్క వేస్తే దూడ ధర దాటిపోతుంది. డబ్బు లెక్కలో ఇది నష్టమే, దాన్ని దాచి చెప్పడం ఎందుకు? కాబట్టి చేయిస్తే మీ అమ్మగారి కోసం, ఆ దూడ కోసం చేయించండి, లాభం వస్తుందని కాదు. మొక్కు సంగతికొస్తే, ఇదే దూడను కొండ మీదికి తోలాలని పట్టుపట్టొద్దని అమ్మగారికి చెప్పండి. నుదుటి మీద మానని గాయమో బుడగో ఉన్న పసిదూడను కొత్త మందలో వదిలితే మిగతావి పొడుస్తాయి, తల్లి పాలు లేకుండా నిలబడదు. ఇది బతికి, మేత మేసి గట్టిపడ్డాక చూసుకోవచ్చు, లేదంటే వచ్చే ఈతలో ఇంకో కోడెను ఇచ్చుకోవచ్చు. అప్పన్న తొందరపెట్టడు.

గ్రహణం మాటకి నా దగ్గర ఒకటే జవాబు. దూడ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకునేది చూడి నిలిచిన మొదటి నెలలోనే. అప్పటికి మీకు ఆవు చూడి కట్టిందని కూడా తెలిసి ఉండదు. మీరు చెప్పిన గ్రహణం ఎన్నో నెలలో వచ్చిందో లెక్క వేసుకోండి, ఏడో నెలలో బయట కట్టేసినందుకు మొదటి నెలలోనే మొదలైన లోపం రాదు కదా. నిజమైన కారణాలు వేరు, అవి కూడా ఒక్క దూడలో చాలాసార్లు తేలవు. దగ్గర రక్తసంబంధంలో కట్టించడం ఒకటి. బీవీడీ, అకబానె, నీలి నాలుక వైరస్‌లు చూడి మీద పడితే మెదడు దెబ్బతిన్న దూడలు పుడతాయి. నెలల తరబడి పచ్చిమేత లేకుండా ఎండు వరిగడ్డితోనే నెట్టుకొస్తే విటమిన్ ఎ తగ్గి దూడలు గుడ్డివిగా, తలలో నీటి ఒత్తిడి పెరిగి పుట్టడం కూడా ఉంది. మందుల్లో ఆల్బెండజోల్ నట్టల మందు చూడి మొదటి 45 రోజుల్లో వేయకూడదని దాని మీదే రాసి ఉంటుంది, మనవాళ్లు మంద మొత్తానికి ఒకేరోజు పట్టించేస్తారు, ఏది ఎప్పుడు కట్టించుకుందో చూడకుండా. మీ ఆవుకి అలా ఏమైనా జరిగిందేమో గుర్తు చేసుకోండి.

మీ మందలో ఇదొక్కటే అయితే ఆవును సంతకి తోలేయాల్సిన పని లేదు, అది అచ్చిరాని ఆవూ కాదు. కానీ వచ్చేసారి ఎదకొచ్చినప్పుడు అదే ఎద్దు వీర్యం వద్దు. వీర్యం నింపిన స్ట్రా మీద ఎద్దు నంబరు ఉంటుంది, ఊళ్లో ఎదసూది వేసే గోపాలమిత్ర దగ్గరో ఆసుపత్రి రిజిస్టర్‌లోనో రాసి ఉంటుంది, అది కనుక్కుని ఇలాంటి దూడ పుట్టిందని మండల డాక్టరుకి చెప్పండి. వీర్య కేంద్రాల్లో ఎద్దులకి బ్లాడ్, సిట్రులినీమియా, డంప్స్, ఫ్యాక్టర్ 11 లోపం లాంటి కొన్ని వంశపారంపర్య జబ్బులకి పరీక్షలు చేస్తారు గానీ పుర్రె లోపం వాటిలో లేదు, అది రైతు చెబితేనే బయటపడుతుంది. ఒకే ఎద్దుకి పుట్టిన వేరే దూడల్లో కూడా ఇలాంటివి ఉంటే అప్పుడు దాని గురించి ఆలోచిస్తారు. ఈ దూడ బతికితే ఆంబోతుగా వదలకండి, వయసు రాగానే విత్తులు కొట్టించండి. చుట్టుపక్కల ఇంకా ఈసుకుపోవడాలు (నెలలు నిండకుండా చూడి పోవడం), వంకర కాళ్ల దూడలు వస్తుంటే మాత్రం అది ఒక్క ఇంటి సంగతి కాదు, రక్త నమూనాలు పంపించాల్సిందే.

ఆవు పాలు ఇంట్లో వాడుకోవచ్చా అని చివర్లో అడిగారు, నిక్షేపంగా వాడుకోండి, దూడ పుర్రెలో లోపానికీ పాలకీ సంబంధం లేదు. ఆవుకి ఏదైనా ఇంజెక్షన్ వేయించి ఉంటే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆగండి, అంతే.

రేపు ఉదయం ఉంగరం ఎన్ని వేళ్లుందో, రాత్రి లైటు పరీక్షలో ఏం కనిపించిందో, ఎన్ని లీటర్లు తాగిందో, పేడ వేసిందో లేదో రాయండి. ఫొటో పక్కనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి తీయండి, సైజు తెలిసేలా పక్కన రూపాయి బిళ్ల పట్టుకుని. నడుస్తుండగా చిన్న వీడియో కూడా.